రెండు బొమ్మలూ అబద్ధమే: ఒక ప్రమేయాన్ని గీయడంలో ఎదురైన కేసు

నేను పరిశోధకులకు గణన సహాయం చేసే పనిలో ఉన్నాను. గణిత లెక్కల కోసం వాడే మాట్‌ల్యాబ్ భాషలో గాని, అదే తీరులో పనిచేసే గ్నూ ఆక్టేవ్‌లో గాని రాసిన ప్రోగ్రాములు మొరాయించినప్పుడు నా దగ్గరికి తెస్తారు. ఎర్ర అక్షరాలతో దోషం చూపించే ప్రోగ్రాముతో పెద్ద ఇబ్బంది ఉండదు. ఈ కేసులో ప్రోగ్రాము ఒక్క దోషమూ చూపించలేదు. చక్కటి నునుపైన గీత గీసి ఇచ్చింది. అందుకే దీన్ని వివరంగా రాసి పెడుతున్నాను.

వ్యక్తిని గుర్తుపట్టే వీలు లేకుండా రంగాన్నీ, పరికరాన్నీ వదిలేశాను. సంఖ్యలను కూడా మార్చాను. మార్చిన సంఖ్యలతోనూ అదే లోపం యథాతథంగా కనిపిస్తుంది, ఎవరైనా గీసి చూసుకోవచ్చు.

నేపథ్యం

ఆమె పరిశోధక విద్యార్థి. ఒక వస్తువును తట్టి వదిలేస్తే అది ఎలా కంపించి ఆగుతుందో కొలిచారు. సిద్ధాంతం ప్రకారం ఆ కదలికకు ఒక సూత్రం కూడా రాబట్టారు. అది అందరికీ పరిచయమైన అవరుద్ధ డోలనమే, అంటే క్రమంగా తగ్గిపోయే కంపనం:

వై = ఇ^(−0.2టి) × సైన్(62టి)

టి అంటే సెకన్లలో కాలం. 0 నుంచి 10 సెకన్ల వరకు దీన్ని గీసి, కొలత పక్కన పెట్టి పోల్చాలన్నది ఆమె ఉద్దేశం. గణితంలో ఆమె దిట్ట. ఈ భాషతో పరిచయం మాత్రం కొన్ని వారాలదే.

మొదటి రోజే ఒక చిక్కు వచ్చిందట. రెండు వరుసలను మామూలు నక్షత్రం గుర్తుతో గుణిస్తే కొలతలు కుదరడం లేదని యంత్రం అభ్యంతరం చెప్పింది. ఎవరో మొదటి వరుసకు ఒక కొటేషన్ గుర్తు తగిలించమన్నారు. ఆ గుర్తు అడ్డు వరుసను నిలువు వరుసగా తిప్పుతుంది. అప్పుడు గుణకారం జరిగింది గానీ వంద అడ్డు వరుసలు, వంద నిలువు వరుసలు ఉన్న మాత్రిక పుట్టింది. గీయమంటే వంద గీతలు విసనకర్రలా విచ్చుకున్నాయి. 1970ల చివర్లో క్లీవ్ మోలర్ ఈ భాషకు మొదటి రూపం ఇచ్చినప్పుడు, విద్యార్థులు ఫోర్ట్రాన్ అనే పాత భాషలో ప్రోగ్రాములు రాయకుండానే మాత్రికల లెక్కలు చేసుకోవాలన్నదే లక్ష్యం. అందువల్ల ఇక్కడ నక్షత్రానికి సహజమైన అర్థం మాత్రికల గుణకారం. అంకెకు అంకె గుణించాలంటే నక్షత్రానికి ముందు చుక్క పెట్టాలి. ఆ సంగతి ఆమె తనంతట తానే కనుక్కున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి చుక్క ఉండవలసిన చోటే ఉంది.

వచ్చిన సమస్య

ఆమె రెండు కాగితాలు బల్ల మీద పెట్టారు.

మొదటి దానిలో గీత సున్నా దగ్గర మొదలై కిందికి దిగుతుంది. దాదాపు 3.9 సెకన్ల దగ్గర మైనస్ 0.33 వరకు వెళ్లి, నెమ్మదిగా పైకి లేస్తూ, పదో సెకనుకు మైనస్ 0.12 దగ్గర ఆగుతుంది. ఒక్క డోలనం కూడా లేదు. ఏదో బరువు మెల్లగా కుంగి మళ్లీ తేలినట్లు ఉంది. పరికరమేమో సెకనుకు దాదాపు పది కంపనాలు చూపిస్తోంది.

సూత్రంలో తప్పుందేమోనని ఆమె మూడు రోజులు బీజగణితం తిరగేశారు. తప్పు దొరకలేదు. అప్పుడు ఒక సహాధ్యాయి వివరణ ఇచ్చారు: కొన్ని వ్యవస్థలు తట్టిన వెంటనే ముందు వ్యతిరేక దిశలో కదులుతాయి, ఇదీ అలాంటిదే, పరికరం చూపించే వేగమైన కంపనం బయటి రణగొణ. అలాంటి వ్యవస్థలు నిజంగానే ఉన్నాయి, అందుకే ఆ మాట నమ్మదగినదిగా వినిపించింది. కొలత నుంచి వేగమైన కంపనాన్ని వడగట్టి తీసేయడానికి ఫిల్టర్ కూడా సిద్ధం చేసుకున్నారు. అది నడిపి ఉంటే అసలు సంకేతమే పోయేది.

ఫిల్టర్ నడిపే ముందు, బిందువులు తక్కువయ్యాయేమో, రెట్టింపు చేసి చూడమని మరొకరు సలహా ఇచ్చారు. చేశారు. రెండో కాగితం అదే. ఈసారి బొమ్మ నిండా దట్టమైన రంపపు పళ్లు. వాటి ఎత్తు సున్నాతో మొదలై పెరిగి, తగ్గి, ఆరో సెకను దాటగానే దారం కట్టినట్లు సన్నబడి, మళ్లీ ఉబ్బింది. దగ్గరదగ్గర పౌనఃపున్యాలున్న రెండు కంపనాలు కలిస్తే వచ్చే విస్పందనాల బొమ్మ ఇలాగే ఉంటుంది. దానికీ ఒక వివరణ తయారైంది: వస్తువులో రెండు పౌనఃపున్యాలు ఉన్నాయట.

ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఈ రెండింటిలో ఏది నిజం?"

నేను తప్పుగా వెతికిన చోట్లు

నిజం చెప్పాలంటే మొదటి అరగంట నేనూ వృథా చేశాను.

నా చూపు ముందు గుర్తుల మీదికే వెళ్లింది. పై కథ విన్నాక అలా కావడం సహజం. ముఖ్యంగా భాగహారం గుర్తు కోసం వెతికాను, ఎందుకంటే నక్షత్రం కనీసం అభ్యంతరమైనా చెబుతుంది, గీటు అదీ చెప్పదు. రెండు అడ్డు వరుసల మధ్య చుక్క లేని భాగహారం గుర్తు పెడితే మాట్‌ల్యాబ్ దాన్ని లీస్ట్ స్క్వేర్స్ సమస్యగా (ఒక వరుసను ఏ సంఖ్యతో గుణిస్తే రెండోదానికి అతి దగ్గరగా వస్తుందన్న ప్రశ్నగా) తీసుకుని, కిమ్మనకుండా ఒకే ఒక్క సంఖ్యను చేతిలో పెడుతుంది. దాన్ని గీస్తే గుర్తు లేని విడి బిందువులు వస్తాయి, అంటే ఖాళీ చట్రమే కనిపిస్తుంది. దీని మీద గంటలు పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను. ఈమె ప్రోగ్రాములో భాగహారమే లేదు.

తర్వాతి అనుమానం కోణాల మీద. ఈ భాషలో సైన్ రేడియన్లు అడుగుతుంది, డిగ్రీలకు వేరే ఫంక్షన్ ఉంది. ఆమె పొరపాటున డిగ్రీల ఫంక్షన్ వాడారేమో? అలా అయితే సెకనుకు 62 డిగ్రీలు, పది సెకన్లలో ఒకటిన్నర పైచిలుకు చుట్లు. నెమ్మదిగా కదిలే గీత వస్తుంది, ఆ మేరకు సరిపోయింది. కానీ ఆ గీత సున్నా నుంచి పైకి వెళ్లాలి. ఇది కిందికి దిగుతోంది. కనుక అదీ కాదు.

ఈ "కిందికి దిగడం" అన్న మాటను అక్కడే పట్టుకుని ఉండవలసింది. డిగ్రీల అనుమానాన్ని కొట్టేయడానికి వాడుకుని ముందుకు వెళ్లిపోయాను.

మూడోది నాకు బాగా నమ్మకమైన పరీక్ష: గీతను పక్కన పెట్టి, లెక్కించిన చోట్ల చుక్కలు చూపించమనడం. ప్లాట్ ఆదేశానికి ప్రమేయం తెలియదు. మనం ఇచ్చిన బిందువులను వరుసగా సరళరేఖలతో కలపడమే దాని పని. బిందువులు ఎడంగా ఉంటే చుక్కలు ఆ గుట్టు బయటపెడతాయి. ఎన్నో కేసుల్లో ఈ పరీక్షతోనే పని అయిపోయింది. ఇక్కడ వంద చుక్కలూ ఆ నునుపైన గీత మీదే, పూసలు గుచ్చినట్లు, ఒద్దికగా కూర్చున్నాయి. ఆ అమరిక చూసి నాకు అనుమానం తగ్గింది కూడా. తగ్గకూడదని ఇప్పుడు తెలుసు.

ఆమె అప్పటికే చేసిన ఇంకో ప్రయత్నం బిందువుల మధ్య స్ప్లైన్ (వాటి గుండా పోయే నునుపైన వక్రం) వేసి గీతను మరింత నునుపు చేయడం. తప్పు బొమ్మ మెరుగు పెట్టినట్లయింది, అంతే.

ఎఫ్‌ప్లాట్ అనే ఆదేశం ఉంది కదా, దానికి నేరుగా ప్రమేయాన్నే ఇస్తే వంపు ఎక్కువున్న చోట తనే బిందువులు పెంచుకుంటుంది, అది వాడితే సరిపోయేది కదా అని మీరు అడగవచ్చు. నేను కావాలనే వాడలేదు. బల్ల మీద ఇప్పటికే రెండు బొమ్మలున్నాయి, మూడోది వస్తే దాన్ని మాత్రం ఎందుకు నమ్మాలి? పైగా అదీ ముందు కొన్ని చోట్ల విలువలు చూసుకునే మొదలుపెడుతుంది. ఆ చోట్ల మధ్య ఏదో జరుగుతోందన్న సూచన అందకపోతే దానికీ తెలిసే దారి లేదు. కారణం తెలిశాక అది మంచి పనిముట్టు. కారణం వెతికేటప్పుడు కాదు.

దారి దొరికిన చోటు

కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం తీసుకున్నాం. గీత మొదట ఎటు వెళ్లాలి? టి చాలా చిన్నదైనప్పుడు సైన్(62టి) దాదాపు 62టి. అంటే గీత సున్నా నుంచి నిటారుగా పైకి లేవాలి. టి = 0.01 దగ్గర విలువ లెక్కించమన్నాను. 0.62 రేడియన్ల సైన్ 0.581, ఘాత పదం 0.998, మొత్తం 0.58. ఆమె ఆ సంఖ్య రాసి, మొదటి కాగితం వైపు చూశారు. అక్కడ 0.01 సెకన్ల దగ్గర గీత సున్నాను అంటిపెట్టుకుని ఉంది.

సూత్రం తప్పు కాదు, లెక్క తప్పు కాదు. ఆ చోట యంత్రం లెక్కే వేయలేదు.

ప్రోగ్రాములో కాలం వరుసను లిన్‌స్పేస్ ఆదేశంతో 0, 10 అని రెండే సంఖ్యలిచ్చి తయారు చేశారు. ఎన్ని బిందువులో చెప్పకపోతే మాట్‌ల్యాబ్ అయినా ఆక్టేవ్ అయినా 100 తీసుకుంటాయి. (పైథాన్ వైపు నంపైలో అదే పేరున్న ఫంక్షన్ 50 తీసుకుంటుంది.) వంద బిందువుల మధ్య 99 ఎడాలు, ఒక్కో ఎడం 0.10101 సెకన్లు. డోలనానికి పట్టే కాలం 2π ని 62తో భాగిస్తే 0.10134 సెకన్లు. ఈ రెండు సంఖ్యలను ఒకదాని కింద ఒకటి రాయగానే ఇక చెప్పడానికి ఏమీ మిగలలేదు. డోలనం ఒక చుట్టు పూర్తి చేయడానికి సెకనులో సుమారు 3000వ వంతు ముందు ప్రతిసారీ మనం వెళ్లి చూస్తున్నాం. చూసిన ప్రతిసారీ అది కిందటి సారి ఉన్న చోటికి కాస్త వెనక కనిపిస్తుంది. సినిమాలో బండి ముందుకు పోతుంటే చక్రం మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్లు కనిపించడం ఇదే. గీత కిందికి దిగడానికి కారణం ఆ వెనక్కి తిరగడమే. వ్యతిరేక దిశలో కదిలే వ్యవస్థ ఏదీ లేదు.

లెక్కలో చెప్పాలంటే, 62 నుంచి 2π × 9.9 తీసేస్తే మైనస్ 0.2035 మిగులుతుంది. కనుక ఆ వంద బిందువుల దగ్గర సైన్(62టి), మైనస్ సైన్(0.2035టి) రెండూ అచ్చంగా ఒకటే. చుక్కల పరీక్ష ఎందుకు ఓడిపోయిందో ఇక్కడ తెలుస్తుంది. చుక్కలన్నీ నిజమైన విలువలే, అవన్నీ ఒక నునుపైన గీత మీద ఉన్న మాటా నిజమే. ఆ గీత మాత్రం వేరే ప్రమేయానిది. సంకేతాలతో పనిచేసేవారు దీన్ని ఏలియాసింగ్ అంటారు.

రెండో కాగితం సంగతి కూడా ఇదే దారిలో తేలింది. బిందువులు 200 అయితే ఎడం 0.05025, అంటే ఒక డోలనానికి రెండు బిందువుల కంటే అతి కొద్దిగా ఎక్కువ. ఒకటి పైన, తర్వాతది కింద, మళ్లీ పైన. అవే రంపపు పళ్లు. వాటి ఎత్తును నడిపేది 62కీ 19.9πకీ ఉన్న తేడా, 0.518. సైన్(0.518టి) సున్నా అయ్యేది 6.07 సెకన్ల దగ్గర. దారం కట్టినట్లు సన్నబడిన చోటు సరిగ్గా అదే. రెండో పౌనఃపున్యం వస్తువులో లేదు, అది మా బిందువుల సంఖ్యలో ఉంది.

రెట్టింపు చేయమన్న సలహా చెడ్డదని అనలేను. కానీ ఇలాంటి కేసులో రెట్టింపు చేస్తే ఒక పొంతన నుంచి దాదాపు అంతే చక్కని మరో పొంతనకు జారిపోయే వీలుంది. అందుకే నిర్ధారణ కోసం 137 వేయించాను, ఏ లెక్కా లేని సంఖ్య కావాలని. మొదటి రెండింటితో ఏ పోలికా లేని చిందరవందర గీతలు వచ్చాయి. ప్రమేయం మారలేదు, బొమ్మ మూడుసార్లు మారింది. "అయితే రెండూ కాదన్నమాట" అని ఆమె కాగితాలు రెండూ బోర్లించారు.

ఎన్ని బిందువులు చాలు

ఇక్కడ ఆమె తెలివైన అభ్యంతరం చెప్పారు. ఒక డోలనానికి రెండు బిందువులకు మించి ఉంటే చాలని సిద్ధాంతం ఉంది కదా? ఉంది. నైక్విస్ట్ 1928లో చేసిన పని మీద నిలబడి షానన్ 1949లో ప్రచురించిన వ్యాసంలో స్పష్టంగా ఉంది. 200 బిందువులు ఆ హద్దును వెంట్రుకవాసిలో దాటాయి కూడా. అయినా బొమ్మ తప్పే. 300 వేస్తే డోలనానికి మూడు బిందువులు, సిద్ధాంతం హాయిగా తృప్తి పడుతుంది. గీసి చూస్తే గజిబిజి అల్లిక. గీతలు తీసేసి చుక్కలు మాత్రమే ఉంచితే అచ్చం మూడు పాయల జడ.

సిద్ధాంతానికీ బొమ్మకీ తగువు లేదు. బిందువుల నుంచి ప్రమేయాన్ని తిరిగి కట్టవచ్చని సిద్ధాంతం అంటుంది, కానీ ప్రతి బిందువుకూ ఒక ప్రత్యేక తరంగాన్ని తగిలించి అన్నిటినీ కూడితేనే. ప్లాట్ ఆదేశం కూడికలేమీ చేయదు. పక్కపక్క బిందువులను స్కేలు పెట్టి కలుపుతుంది. కాబట్టి కంటికి సరిగ్గా కనపడడానికి కావలసిన సంఖ్య వేరు, అది ఎక్కువ.

1000 బిందువులతో డోలనానికి పది వచ్చాయి. ఆకారం నిలబడింది. అయితే శిఖరం రెండు బిందువుల నడుమ పడితే దాని ఎత్తు 5 శాతం దాకా తగ్గి కనిపిస్తుంది. ఆమె చూడాల్సింది శిఖరాలు ఎలా క్షీణిస్తున్నాయన్నదే గనుక ఈ నష్టం ఒప్పుకోలేం. 2000తో డోలనానికి ఇరవై, శిఖరంలో లోటు ఒక శాతం పైచిలుకు. అక్కడ ఆగాం. రెండు లక్షలు వేసినా యంత్రానికి కష్టం కాదు, కానీ కారణం చెప్పగలిగిన సంఖ్య వాడాలని నా పట్టుదల.

అప్పటికీ బొమ్మ పనికి రాలేదు. ఈసారి లోపం మరోటి: పది సెకన్లలో 98కి పైగా డోలనాలు, తెర మీద చట్రం వెడల్పు కొన్ని వందల పిక్సెళ్లు. ఒక్కో డోలనానికి నాలుగైదు పిక్సెళ్లు దక్కితే కనిపించేది నిండా రంగు పూసిన గరాటు. లెక్క సరైనదే, చదవడానికి ఏమీ లేదు. దాన్ని రెండు చట్రాలు చేశాం. పై చట్రంలో పది సెకన్లూ, దానిపై క్షీణతను చూపే ఇ^(−0.2టి), దాని ప్రతిబింబం రెండు మందపాటి గీతలుగా. కింది చట్రంలో మొదటి సెకను మాత్రమే, సుమారు పది డోలనాలు, ఒక్కోటీ వేలు పెట్టి లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. కొలత మీద పెట్టి చూస్తే డోలనాల వేగం కలిసింది. క్షీణత కొంచెం తేడాగా ఉంది, అది అసలైన పరిశోధన ప్రశ్న, నాది కాదు. ఫిల్టర్ ఫైలును ఆమె తుడిచేశారు.

తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరైనా బొమ్మతో వస్తే ప్రోగ్రాము తెరవకముందే ఒకటి అడుగుతున్నాను: ఈ వ్యవధిలో ఎన్ని డోలనాలు ఉండాలి, లేదా ఎంత సన్నని వంపు ఉండాలి? సమాధానం కాగితం మీద వచ్చాక బిందువుల సంఖ్య నిర్ణయిస్తాం. లిన్‌స్పేస్‌కు మూడో సంఖ్య ఇవ్వని ప్రోగ్రామును వెనక్కి పంపుతున్నాను. కొందరికి ఇది చాదస్తంగా ఉంది, నిజానికి కొంత చాదస్తమే. నిదానమైన వక్రాలకు వంద బిందువులు సాధారణంగా సరిపోతాయి.

శిక్షణలో మొదటి గంటలోనే ఒక అభ్యాసం పెట్టాను. 0 నుంచి 2π వరకు, సంఖ్య చెప్పకుండా లిన్‌స్పేస్ తీసుకుని సైన్(100ఎక్స్) గీయమంటాను. ఎడం 2πలో 99వ వంతు కనుక తెర మీద ఒకే ఒక్క అందమైన అల వస్తుంది, అచ్చంగా సైన్(ఎక్స్). 102 వేయమంటే అదే అల తలకిందులవుతుంది. 101 వేయమంటే ప్రతి బిందువూ సున్నా మీద పడాలి. కానీ తెర మీద గడ్డిపరకల్లాంటి పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే నిలువు అక్షం తనంతట తాను సాగి, దశాంశ బిందువు తర్వాత పదికి పైగా సున్నాలున్న గుండ్రింపు దోషాలను కొండల్లా చూపిస్తుంది. అక్షం మీది అంకెలు చదవని అలవాటు కూడా అక్కడే బయటపడుతుంది.

నాకు మిగిలిన అసంతృప్తి చుక్కల పరీక్ష గురించి. అది చాలా కేసుల్లో పనిచేస్తుంది కనుక మానలేను, ఇలాంటి కేసులో ధైర్యంగా తప్పుదారి పట్టిస్తుంది కనుక ఒంటరిగా నమ్మలేను. ఇప్పుడు దాని పక్కన రెండు పెట్టాను: పొంతన లేని మరో సంఖ్యతో మళ్లీ గీయడం, బిందువుల నడుమ ఒక్కచోట చేత్తో విలువ కట్టడం. మొత్తం రెండు నిమిషాల పని.

కొన్ని వారాల తర్వాత ఆమె ఇంకో బొమ్మ పంపారు, ఈసారి టాన్ ఉన్న ప్రమేయం. ఒకచోట నిలువుగా పొడవాటి గీత ఉంది. అది ప్రమేయంలో ఉందా, ప్లాట్ గీసిందా అని అడుగుదామనుకున్నారట. అడిగే ముందే బిందువులు 1000 నుంచి 1371కి మార్చి చూశారు. గీత అక్కడే ఉంది, దాని ఎత్తు మాత్రం వేరే అయింది. దాంతో ఆ చోట నాన్ అనే "సంఖ్య కాని" విలువను చొప్పించి గీతను తెంపి, రెండు ముక్కలైన బొమ్మను నాకు పంపారు. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో బిందువుల సంఖ్య కూడా రాసి ఉంది.